ముంజెకాయలో మూడు ముంజెలు – కర్బన కేంద్రకంలో మూడు ఆల్ఫాలు

వేసవి వచ్చిందంటే కాలవగట్ల మీద తాటిచెట్ల కింద కూర్చుని ముంజెలు తినని విద్యార్థి మన రాయవరం హాస్టల్లో ఉండడు. కాయ తల మీద కత్తి వేస్తే మామూలుగా మూడు కళ్ళు కనిపిస్తాయి. కాయ లేతదైతే బొటనవేలు పెట్టగానే మూడు ముంజెలూ విడివిడిగా ఊడి వస్తాయి. ముదిరిన కాయ అయితే ఎంత తవ్వినా రావు.

మిత్రులారా, నేను చెప్పబోయేది ముంజెల గురించి కాదు. మన ఒంట్లోను, మనం తినే అన్నంలోను, రాసే పెన్సిల్లోను ఉన్న కర్బనం గురించి. కర్బన పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకం కూడా ఒక రకంగా మూడు కళ్ళ కాయే. దానికి సరిపడా శక్తి ఇచ్చి వదులు చేస్తే మూడు ఆల్ఫా కణాలుగా విడిపోతుంది. ఆ విడిపోయే తీరును చూడడానికి అనేక దేశాల శాస్త్రజ్ఞులు 70 ఏళ్ళుగా ప్రయోగాలు చేస్తున్నారు. మన దేశంలో కలకత్తాలో కూడా ఆ ప్రయోగం జరిగింది. కంటికి కనిపించని ఇంత చిన్న విషయానికి అంత శ్రమ ఎందుకు? దానికి జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పదో తరగతి భౌతికశాస్త్రం చదివినవారికి అర్థమయ్యేటట్టు రాయడానికి ప్రయత్నించాను.

ఆల్ఫా కణం అంటే ఏమిటి?

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందని, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని మనం చదువుకున్నాం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి గట్టిగా ముడిపడితే అది హీలియం కేంద్రకం. దానినే ఆల్ఫా కణం అంటారు. రేడియం, యురేనియం వంటి మూలకాల నుంచి ఈ కణాలు వాటంతట అవే బయటికి వస్తుంటాయి. వాటిని పలుచని బంగారు రేకు మీదికి పంపి, అవి ఎటు చెదిరాయో చూసి రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువుకు కేంద్రకం ఉందని చెప్పాడు. అంటే ఆల్ఫా కణమే కేంద్రకాన్ని మనకు చూపించింది.

ఆల్ఫా కణం ప్రత్యేకత దాని గట్టిదనం. నాలుగు కణాలూ కలిసినప్పుడు 28.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి బయటికి పోతుంది. మళ్ళీ విడదీయాలంటే అంత శక్తీ మనం తిరిగి ఇవ్వాలి. అందుకే పెద్ద కేంద్రకాల లోపల కూడా ఈ నలుగురూ ఒక జట్టుగా తిరుగుతారనే ఆలోచన మొదటినుంచీ ఉంది. కర్బనం-12 లో 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు ఉంటాయి. అంటే లెక్కకు సరిగ్గా మూడు ఆల్ఫాలు. ఆక్సిజన్-16 అంటే నాలుగు ఆల్ఫాలు. నియాన్-20 అంటే ఐదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. మామూలు స్థితిలో ఉన్న కర్బన కేంద్రకం ముదిరిన తాటికాయ లాంటిది. పన్నెండు కణాలూ దగ్గర దగ్గరగా కలిసిపోయి ఉంటాయి, మూడు ఆల్ఫాలు వేరువేరుగా తెలియవు. దానికి శక్తి ఇచ్చి పై మెట్టుకు ఎక్కిస్తే అప్పుడది ఉబ్బి వదులవుతుంది. ఇలా శక్తి పొందిన కేంద్రకాన్ని ఉత్తేజిత కేంద్రకం అంటారు. మన కథ అంతా ఈ ఉత్తేజిత కేంద్రకం గురించే.

మన గోదావరి మనిషి ఒకరు

కేంద్రక భౌతికశాస్త్రం అంటే మనకు ఎక్కడో దూరదేశాల విషయం అనిపిస్తుంది. కాని తెలుగునాట ఈ శాస్త్రానికి ప్రయోగశాల కట్టినవారు గోదావరి మండలం వారే. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు యౌవనంలో ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి సన్యాసి అయ్యారు. ఆయనే స్వామి జ్ఞానానంద. తరువాత యూరపు వెళ్ళినప్పుడు భౌతికశాస్త్రం మీద ఆసక్తి కలిగి మళ్ళీ విద్యార్థి అయ్యారు. ప్రేగ్ నగరంలో ఎక్స్-కిరణాల మీద పరిశోధన చేశారు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిచేశారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్నది ఆ చాడ్విక్కే. స్వామి జ్ఞానానంద 1954లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని పెంచి పెద్దచేశారు. 1969లో పరమపదించారు. అక్కడి ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు.

ఆయన రాసిన ఒక పుస్తకం 1947లో అమెరికాలో అచ్చయింది. అది వేదాంతం మీద కాదు. పాత్రలోంచి గాలిని పూర్తిగా తోడివేసి శూన్యం ఎలా చేయాలి, ఆ శూన్యాన్ని ఎలా కొలవాలి అన్న విషయం మీద. కేంద్రక ప్రయోగాలకు అది చాలా ముఖ్యం. రేడియం వంటివాటి నుంచి వచ్చే ఆల్ఫా కణం గాలిలో కొన్ని సెంటీమీటర్లు పోయేసరికే ఆగిపోతుంది. ఒక కాగితం ముక్క చాలు దాన్ని ఆపడానికి. గాలి లేకుండా చేస్తేనే అది దారిలో శక్తి పోగొట్టుకోకుండా మన పరికరం దాకా వస్తుంది.

ఉత్తేజితమైన కేంద్రకం సాధారణంగా గామా కిరణం వదిలి శాంతిస్తుంది. విశాఖలో ముఖ్యంగా ఈ గామా కిరణాలను, బీటా కిరణాలను కొలిచే పని జరిగింది. కాని ఎక్కువ శక్తి వస్తే కొన్ని కేంద్రకాలు శాంతించవు, ముక్కలవుతాయి. కర్బనంలో అటువంటి మెట్టు ఒకటి ఉంది. దాని కథ నక్షత్రాలతో మొదలవుతుంది.

ఐదు, ఎనిమిది అనే రెండు గోతులు

విశ్వం మొదట్లో ఉన్నది దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం మాత్రమే. కర్బనం లేదు. మరి ఇప్పుడున్న కర్బనం ఎక్కడిది? నక్షత్రాల లోపల తయారైంది. ఎలా తయారైంది అన్నదే చిక్కు ప్రశ్న.

హీలియంకు ఒక ప్రోటాన్ కలిపితే 5 కణాల కేంద్రకం వస్తుంది. అది నిలవదు. రెండు హీలియంలు కలిపితే 8 కణాల బెరీలియం-8 వస్తుంది. అదీ నిలవదు. ఒక సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ కోటి భాగాలు చేసి, దానిలో ఒకటి తీసుకుని ఇంకో వంద భాగాలు చేస్తే ఎంతో, దాదాపు అంత కాలంలో తిరిగి రెండు ఆల్ఫాలుగా విడిపోతుంది. నిచ్చెనలో ఐదో మెట్టు, ఎనిమిదో మెట్టు విరిగిపోయినట్టన్న మాట. పన్నెండో మెట్టుకు ఎక్కడం ఎలా?

1952లో సాల్పీటర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక దారి చూపాడు. అడుగున చిల్లి ఉన్న బకెట్టును కొళాయి కింద పెట్టండి. నీళ్ళు కారిపోతూనే ఉంటాయి, అయినా పైనుంచి పడుతున్నంతసేపూ అడుగున కాసిని నీళ్ళు ఉంటాయి. అలాగే ముసలి నక్షత్రం నడుమ 10 కోట్ల డిగ్రీల వేడిలో బెరీలియం-8 పుడుతూ, పోతూ ఉంటుంది. ఏ క్షణాన చూసినా సుమారు వంద కోట్ల ఆల్ఫాలకు ఒకటి చొప్పున అది ఉంటుంది. ఆ ఒక్కటీ పోయేలోపల మూడో ఆల్ఫా వచ్చి తగిలితే కర్బనం.

దారి దొరికింది కాని అది చాలా ఇరుకు దారి. ఫ్రెడ్ హోయిల్ లెక్క వేసి చూస్తే, ఈ పద్ధతిలో తయారయ్యే కర్బనం లోకంలో ఉన్నదానికి ఏ మాత్రం సరిపోలేదు. అప్పుడాయన తిరగేసి ఆలోచించాడు. కర్బనం ఇంత ఉంది, మనమే ఉన్నాం. కనుక కర్బన కేంద్రకానికి ఆ మూడో ఆల్ఫాను ఇట్టే అందుకోవడానికి అనువైన ఒక ఉత్తేజిత మెట్టు ఉండి తీరాలి. అది ఇంత ఎత్తులోనే ఉండాలి, అంటూ 1953లో అమెరికాలోని కాలిఫోర్నియాకు వెళ్ళి అక్కడి ప్రయోగశాల వారిని వెదకమని అడిగాడు. ఆయన మాట మొదట వింతగా తోచినా వార్డ్ వేలింగ్ బృందం వెదికింది. ఆ మెట్టు దొరికింది. దాని ఎత్తు 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఈనాడు దానిని హోయిల్ స్థితి అంటారు.

ఆ మెట్టు నిజంగా మూడు ఆల్ఫాలుగా విడిపోతుందని 1957లో విలియం ఫౌలర్, ఆయన సహచరులు బోరాన్-12 సాయంతో చూపించారు. 1983లో ఫౌలర్‌కు, అవిభక్త భారతదేశంలో పుట్టిన చంద్రశేఖర్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. హోయిల్‌కు రాలేదు. ఆ మెట్టు మాత్రం ఆయన పేరుతోనే నిలిచింది.

విడిపోతే మనకేం తెలుస్తుంది?

నక్షత్రంలో జరిగేది కలవడం. ప్రయోగశాలలో మనం చూసేది విడిపోవడం. ఒకటి చూస్తే రెండోది ఎలా తెలుస్తుంది అని మీరు అడగవచ్చు. గడ్డిమోపు ముడి విప్పేటప్పుడు జాగ్రత్తగా గమనిస్తే ఆ ముడి ఎలా వేశారో తెలిసిపోతుంది. ప్రకృతి నియమాల ప్రకారం కేంద్రకం ఏ దారిన విడిపోతుందో అదే దారిన వెనక్కి నడిస్తే కలుస్తుంది. 10 కోట్ల డిగ్రీల నక్షత్రాన్ని మనం హాస్టలు పెరట్లోకి తెచ్చుకోలేం కాని, కర్బనాన్ని హోయిల్ మెట్టు ఎక్కించి అది ఎలా విడిపోతుందో చూడగలం.

ఇంకో సంగతి. హోయిల్ స్థితికి చేరిన ప్రతి 10,000 కేంద్రకాలలో ఇంచుమించు 9,996 మళ్ళీ మూడు ఆల్ఫాలుగా విడిపోతాయి. నాలుగు మాత్రమే శాంతించి నిజమైన కర్బనంగా మిగులుతాయి. మన శరీరంలో ఉన్న ప్రతి కర్బన పరమాణువూ ఆ నాలుగింటిలోనిదే. ఈ నాలుగు అన్న సంఖ్య మీద కూడా చర్చ ఆగలేదు. 2020లో ఒక బృందం అది ఆరు అని ప్రకటించింది. తరువాత వేరువేరు చోట్ల మళ్ళీ కొలిచినవారి ఫలితాలు పాత నాలుగు వైపే మొగ్గాయి.

కలకత్తా ప్రయోగం

కలకత్తా సాల్ట్ లేక్‌లో వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ ఉంది. అక్కడి సైక్లోట్రాన్ 1977లో మొదటిసారి కణపుంజాన్ని ఇచ్చింది. సైక్లోట్రాన్ అంటే కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రం. అట్లతద్దికి ఉయ్యాల ఊపడం చూశారు కదా. ఉయ్యాల మన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చిన్న తోపు తోస్తే చాలు, కాసేపటికి కొమ్మ అందేటంత ఎత్తు పోతుంది. ఇక్కడ పెద్ద అయస్కాంతం కణాన్ని గుండ్రంగా తిప్పుతుంది. అర చుట్టు తిరిగిన ప్రతిసారీ విద్యుత్తు ఒక తోపు తోస్తుంది. వేగం పెరిగినకొద్దీ చుట్టు పెద్దదై, చివరికి కణం అంచు నుంచి బయటికి వస్తుంది.

ఈ ప్రయోగంలో 60 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణాలను తీసుకున్నారు. వాటి వేగం సెకనుకు 50 వేల కిలోమీటర్లకు పైమాటే. గాలి తీసేసిన గదిలో పలుచని కర్బన రేకు పెట్టి, దాని మీదికి వాటిని పంపారు. ఇది మన క్యారమ్స్ ఆట వంటిదే. స్ట్రైకర్ ఆల్ఫా, కాయిను కర్బనం. స్ట్రైకర్ తగిలి కొంత శక్తి ఇచ్చి పక్కకు పోతుంది. ఆ శక్తి సరిగ్గా సరిపోయినప్పుడు కర్బనం హోయిల్ మెట్టు ఎక్కుతుంది. వెంటనే కాయిను మూడు ముక్కలవుతుంది. స్ట్రైకర్ కూడా ఆల్ఫాయే కనుక మొత్తం నాలుగు ఆల్ఫాలు బయటికి వస్తాయి.

వాటిని పట్టుకోవడానికి సిలికాన్ పలకలు అమర్చారు. పలక ముందువైపు అడ్డగీతలుగా, వెనకవైపు నిలువుగీతలుగా సన్నని పట్టీలు ఉంటాయి. గళ్ళ నోటుబుక్కు లాగా అన్న మాట. ఏ అడ్డపట్టీ, ఏ నిలువుపట్టీ ఒకేసారి స్పందించాయో చూస్తే కణం ఏ గడిలో పడిందో తెలుస్తుంది. సిలికాన్‌లోకి దూరిన ఆల్ఫా ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకు ఒక జంట చొప్పున కదులుతుంది. ఆ విద్యుత్తును కొలిస్తే కణం తెచ్చిన శక్తి ఎంతో తెలుస్తుంది. పలుచని పలక ముందు, మందపు పలక వెనక పెడితే, ముందు పలకలో ఎంత శక్తి వదిలింది, వెనక పలకలో ఎంత వదిలింది అన్న లెక్కను బట్టి వచ్చినది ఆల్ఫాయా, ప్రోటానా అన్నది తేలుతుంది.

ఇదంతా ఒకే క్షణంలో వచ్చిన కణాలకే లెక్క. వేరువేరు ఢీకొట్టడాల నుంచి వచ్చినవి పొరపాటున ఒకటిగా లెక్కలో చేరితే ఫలితం పాడవుతుంది. రెండు ఆల్ఫాలు ఒకే పట్టీ మీద పడినా చిక్కే. ఈ ప్రయోగంలో అసలు శత్రువు ఈ దొంగ లెక్కలే.

379 రూపాయల పంపకం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. హోయిల్ స్థితి మూడు ఆల్ఫాలుగా విడిపోతుందని 1957లోనే తెలుసు. కాని ఎలా విడిపోతుంది? రెండు దారులున్నాయి. మొదటి దారిలో ఒక ఆల్ఫా ముందు ఊడి వస్తుంది, మిగిలింది బెరీలియం-8. కొంచెంసేపటికి అది రెండవుతుంది. దీనిని వరుస విచ్ఛిన్నం అందాం. రెండో దారిలో మధ్యలో బెరీలియం లేకుండా మూడూ ఒక్కసారే విడిపోతాయి. దీనిని నేరు విచ్ఛిన్నం అందాం.

ఆ కొంచెంసేపు ఎంత చిన్నదో ముందే చెప్పాను. ఏ గడియారమూ దానిని కొలవలేదు. అయినా శాస్త్రజ్ఞులు కనిపెట్టగలరు. ఎలాగంటే డబ్బు లెక్క చూసి!

కర్బనాన్ని మూడు ఆల్ఫాలు చేయడానికి 7.27 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి. హోయిల్ స్థితిలో ఉన్నది 7.65. మిగిలేది సుమారు 0.379 మిలియన్, అంటే 379 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. వెయ్యిని ఒక రూపాయి అనుకుందాం. ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవలసింది 379 రూపాయలు.

వరుస విచ్ఛిన్నంలో మొదటి ఆల్ఫా, బెరీలియం విడిపోయేటప్పుడు వచ్చేది 287 రూపాయలు. తుపాకీ, గుండు సూత్రం ప్రకారం తేలికైనదానికి ఎక్కువ వాటా. బెరీలియం బరువు ఆల్ఫాకు రెట్టింపు కనుక ఆల్ఫాకు మూడింట రెండు వంతులు, అంటే 191 రూపాయలు దక్కుతాయి. బెరీలియంకు 96. తరువాత బెరీలియం విడిపోయేటప్పుడు ఇంకో 92 వస్తాయి. ఈ 188 రూపాయలను మిగిలిన ఇద్దరూ పంచుకుంటారు. ఏ దిక్కుకు విడిపోయారన్నదాన్ని బట్టి ఒక్కోసారి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. మొత్తం మీద ఎప్పుడు చూసినా ఒకడి జేబులో సగం డబ్బు ఉంటుంది.

నేరు విచ్ఛిన్నంలో ఆ కట్టుబాటు లేదు. ముగ్గురికీ తలా 126 రావచ్చు, లేదా వేరే విధంగానూ పంపకం జరగవచ్చు. కనుక వేలకొద్దీ విచ్ఛిన్నాలను నమోదు చేసి, ప్రతిదానిలో మూడు ఆల్ఫాల వాటాలను ఒక త్రిభుజంలో చుక్కగా గుర్తు పెట్టాలి. ఈ పటాన్ని 1953లో రిచర్డ్ డాలిట్జ్ కనిపెట్టాడు, ఆయన పేరుతోనే డాలిట్జ్ పటం అంటారు. వరుస విచ్ఛిన్నాలన్నీ ఆ పటంలో ఒక నియమిత ఆకారంలో పట్టీలుగా పేరుకుంటాయి. ఆ పట్టీల బయట, ముఖ్యంగా నడిమధ్య చుక్కలు పడితే అవి నేరు విచ్ఛిన్నాలన్న మాట.

నూటికి పదిహేడా, పదివేలకు రెండా?

2011లో యూరపులో ఒక బృందం నూటికి 17 నేరు విచ్ఛిన్నాలు చూశామని ప్రకటించింది. ఇది పెద్ద సంచలనం. ఎందుకంటే నక్షత్రాలలో కర్బనం తయారయ్యే లెక్కలు దాదాపు అన్నీ బెరీలియం దారినే నమ్ముకుని వేసినవి. నేరు దారి అంత వెడల్పుగా ఉంటే, ముఖ్యంగా వేడి తక్కువ ఉన్న నక్షత్రాలకు ఆ లెక్కలన్నీ తిరగరాయవలసి వస్తుంది.

2012లో మరో బృందం చూస్తే అది వెయ్యికి అయిదుకు మించదని తేలింది. 2013లో కలకత్తా బృందం తన ఫలితం ప్రచురించింది. అన్ని రకాల నేరు విచ్ఛిన్నాలూ కలిపి చూసినా నూటికి ఒకటి లోపే అని చెప్పింది. 2017లో యూరపులోని రెండు బృందాలు వేరువేరుగా కొలిచి పదివేలకు అయిదు కన్న తక్కువ అన్నాయి. కలకత్తా వారు అంతటితో ఆగలేదు. ప్రయోగాన్ని ఇంకా నిశితం చేసి 2019లో మళ్ళీ ప్రచురించారు. ఈసారి పదివేలకు రెండు లోపు.

దీనిలో మనం గమనించవలసింది ఒకటుంది. కలకత్తా వారు 2013లో తాము చెప్పిన సంఖ్యను 2019లో తామే ఎంతో కిందికి దించారు. అది ఓటమి కాదు. మొదటిసారి పట్టిన జల్లెడ కన్న రెండోసారి పట్టిన జల్లెడ సన్నది. మొదటి జల్లెడలో నూకలు మిగిలాయి, రెండోదానిలో అవీ పోయాయి. సైన్సులో ఎవరి మాట గొప్ప అని చూడరు, ఎవరి జల్లెడ సన్నది అని చూస్తారు. "మేము వెదికాం, అది లేదు" అని నిజాయితీగా చెప్పడం కూడా ఒక ఫలితమే. ఈ ఫలితం వల్ల నక్షత్రాల లెక్కలు నిలబడ్డాయి. కర్బనం బెరీలియం మెట్టు మీదుగానే వస్తుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. ఇక ఆక్సిజన్-16 నాలుగు ఆల్ఫాలుగా ఎలా విడిపోతుందన్న ప్రశ్న మీద పని జరుగుతోంది. ఆ పనికి కొత్తవాళ్ళు కావాలి.

ఒక హాస్టలు విద్యార్థి

కలకత్తా సైక్లోట్రాన్ పక్కనే సాహా ఇన్‌స్టిట్యూట్ ఉంది. మన దేశంలో కేంద్రక పరిశోధనకు, సైక్లోట్రాన్‌కు మొదట పట్టుబట్టినవారిలో మేఘనాథ్ సాహా ముఖ్యులు. ఆయన 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రిది చిన్న కొట్టు. ఊళ్ళో పై చదువు లేకపోతే కొన్ని మైళ్ళ దూరంలో ఒక వైద్యుడి ఇంట్లో ఉండి చదువుకున్నారు. తక్కువ కులం అన్న కారణంగా తన కంచం తనే కడుక్కోవాలన్న షరతు మీద ఆ ఇంట్లో చోటు దొరికింది. తరువాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్లో ఉన్నప్పుడు, ఆయనతో పంక్తిలో కూర్చుని భోజనం చేయడానికి పై కులాల విద్యార్థులు ఒప్పుకోలేదు.

అదే మనిషి 1920లో రాసిన సమీకరణంతో ప్రపంచం నక్షత్రాల వెలుగును చదవడం నేర్చుకుంది. ఏ నక్షత్రం ఎంత వేడిగా ఉంది, అందులో ఏ మూలకం ఎంత ఉంది అన్నది ఆ సమీకరణంతోనే తెలిసే వీలు కలిగింది. అంటే నక్షత్రాలలో కర్బనం ఉందని వెలుగును చూసి లెక్కకట్టే దారి ఒక హాస్టలు విద్యార్థి వేసినది. ఆ కర్బనం ఎలా పుట్టిందని వెదికిన ప్రయోగాలలో ఒకటి ఆయన కట్టిన సంస్థ పక్కనే జరిగింది.

మనలో చాలామంది కంచాల సంగతి, పంక్తుల సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవారు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నవారు, కొందరు స్వయంగా చూసినవారు. కనుక ఒక చిన్న లెక్కతో ముగిస్తాను. మనిషి బరువులో నూటికి సుమారు 18 వంతులు కర్బనం. 50 కిలోల విద్యార్థి ఒంట్లో 9 కిలోల కర్బనం ఉంటుంది. ఆ 9 కిలోలలో ప్రతి పరమాణువూ సూర్యుడికంటే ముందు పుట్టి ఆరిపోయిన ఏవో నక్షత్రాల నడుమ, హోయిల్ మెట్టు మీద, పదివేలలో నాలుగుగా మిగిలి వచ్చినది. ఇది సాహా ఒంట్లో ఎలా వచ్చిందో, ఆయన పక్కన కూర్చోనన్నవాళ్ళ ఒంట్లోనూ అలాగే వచ్చింది. వేరే దారి ఉందేమోనని అన్ని దేశాలవారూ వెదికారు. పదివేలకు రెండు కూడా దొరకలేదు.

ఈసారి ముంజెకాయ చేతికొచ్చినప్పుడు మూడు కళ్ళనూ ఒకసారి చూసి తినండి. ఇంటర్లో ఎం.పి.సి. తీసుకున్న తమ్ముళ్ళకు ఒక మాట. కేంద్రక భౌతికశాస్త్రం పాఠం పుస్తకంలో చివర ఉంటుంది కాబట్టి పరీక్షల హడావుడిలో చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. 379 రూపాయల పంపకం లెక్కను కాగితం మీద మీరే ఒకసారి వేసి చూడండి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం, శక్తి నిత్యత్వ నియమం, ఈ రెండే చాలు.

– మన హాస్టలు పూర్వ విద్యార్థి